పదహారు గంటల దూరం, మూడో పొద్దు ప్రయాణం
బెంగుళూరు - శాన్‌ఫ్రాన్సిస్కో విమాన దూరమూ ప్రయాణ కాలమూ

హోసూరు, డెంకణికోట, తళి ప్రాంతాల తెలుగు పల్లెలలో కొలతలకు సంబంధించిన పాత మాటలను సేకరిస్తూ తిరిగిన రోజుల్లో ఒక ఊరిలో మాకు ఎదురైన ప్రశ్న ఈ వ్యాసానికి మూలం. ఆమడ, క్రోసు, బార, మూర, జాన అంటూ ఒక్కొక్క మాటనే అడిగి రాసుకొంటున్నాము. అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన చాలాసేపు ఓపికగా చెప్పి, చివరికి మమ్మల్నే ఒక మాట అడిగారు.

"ఈ ఆమడలూ క్రోసులూ రాసుకొంటా ఉండారు, మంచిదే. అమెరికా ఎంత దూరమో అది చెప్పండి సామీ. ఏరోప్లేను పదారు గంటలని చెప్పిరి. మా అన్న పోయినప్పుడు వాని కొడుకు మూడో పొద్దుకు గదా వచ్చె. ఈ లెక్క యాడ తప్పె?"

తరువాత ఆయన చెప్పిన విషయం ఇది. ఆయన అన్నగారు కాలం చేసినప్పుడు ఒక్కగానొక్క కొడుకు శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఉద్యోగంలో ఉన్నాడు. బెంగుళూరు నుండి అక్కడికి నేరుగా విమానం ఉందనీ, పదహారు పదిహేడు గంటలలో చేరవచ్చుననీ అంతకుముందు సెలవుకు వచ్చినప్పుడు అతడే అందరికీ చెప్పి ఉన్నాడు. ఆ మాటను పట్టుకొని ఊరంతా ఎదురుచూసింది. శవాన్ని ఐసుపెట్టెలో ఉంచారు. పదహారు గంటలు గడిచాయి, ఒక పగలూ ఒక రాత్రీ గడిచాయి. కొడుకు మూడోరోజు తెల్లవారకముందు వచ్చాడు. ఈలోగా బంధువులలో ఎవరో "సొంత నాయన పోయినా తీరిగ్గానే వస్తా ఉండాడే" అన్నారు. ఆ మాట అతని చెవిన పడింది. కర్మ ముగించుకొని వెళ్లిన తరువాత ఆ ఇంటికి ఫోన్లు తగ్గిపోయాయి.

లెక్క ఎక్కడ తప్పిందో కాగితం మీద వేసి చూపిస్తామని ఆయనకు మాట ఇచ్చి వచ్చాము. ఇలాంటి ప్రశ్న ఒక్క ఇంటిదే కాదు. కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రలలోను, యానాంలోను తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఇప్పుడు అమెరికాలో బిడ్డలున్నవి చాలా ఉన్నాయి. అందువల్ల ఆ లెక్కను ఇక్కడ అందరి కోసం వివరిస్తున్నాము.

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. విమానం ఎంత దూరం ఎగురుతుంది, ఎంతసేపు ఎగురుతుంది, మనిషి ఒక ఇంటి గడప దాటి మరొక ఇంటి గడప తొక్కడానికి ఎంతసేపు పడుతుంది - ఇవి మూడూ వేరువేరు లెక్కలు. మొదటి దానికి జవాబుగా రెండోదీ, రెండో దానికి జవాబుగా మూడోదీ చెప్పుకోవడం వల్లనే చిక్కు వస్తున్నది.

గోడ పటంలో దూరం, గోళం మీద దూరం

బడిలో గోడకు తగిలించే ప్రపంచ పటంలో అమెరికా పడమటి కొసన ఉంటుంది. అందుచేత మన వాళ్లు అక్కడికి పడమరగా పోతారని అందరమూ అనుకొంటాము. న్యూయార్కు వైపు పోయేవారి సంగతి కొంతవరకు అలాంటిదే. శాన్‌ఫ్రాన్సిస్కో మాత్రం అమెరికా పడమటి తీరాన, పసిఫిక్ సముద్రపు ఒడ్డున ఉన్నది. బెంగుళూరు విమానాశ్రయం సుమారు 77.7 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయం 122.4 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద ఉంది. పడమరగా లెక్కపెడితే రెండింటి మధ్య 200 డిగ్రీలు, తూర్పుగా లెక్కపెడితే 160 డిగ్రీలు. అంటే ఈ ఊరు మనకు తూర్పు నుండే దగ్గర.

భూమి గోళమన్న విషయం మన సిద్ధాంత గ్రంథాలకు కొత్తది కాదు. ఆర్యభటీయం భూమి వ్యాసాన్ని 1,050 యోజనాలని చెప్పింది. కాని చదునైన కాగితం మీద గోళాన్ని పరిచినప్పుడు దూరాలు మారిపోతాయి. సాధారణంగా బడులలో కనబడే మెర్కేటర్ పటం మీద బెంగుళూరు నుండి తూర్పుగా శాన్‌ఫ్రాన్సిస్కోకు స్కేలు పెట్టి గీత గీస్తే, ఆ గీత వెంట దూరం సుమారు 16,100 కిలోమీటర్లు అవుతుంది. అదే గోళం మీద ఈ రెండు ఊళ్ల మధ్య ఒక దారాన్ని బిగించి లాగితే ఆ దారం పటంలోని గీత వెంట పోదు. ఉత్తరానికి జరిగిపోతుంది. ఆ దారం పొడవుకు సరిపోయే దూరం సుమారు 14,000 కిలోమీటర్లే. గోళం మీద అతి దగ్గర దారి ఎప్పుడూ ఇలా బిగించిన దారం వెంటే ఉంటుంది. దీనిని పొడిగిస్తే భూమిని సరిగ్గా రెండు సగాలుగా కోసే వృత్తం అవుతుంది. గణితంలో దానిని మహావృత్తం అంటారు.

ఈ దారం బెంగుళూరు నుండి దాదాపు ఉత్తరంగా, కొద్దిగా తూర్పుకు ఒరిగి బయలుదేరుతుంది. హిమాలయాలు, టిబెట్, చైనా, సైబీరియా దాటి, 71వ డిగ్రీ ఉత్తర అక్షాంశం దాకా ఎక్కి, ఆర్కిటిక్ సముద్రపు అంచు తాకి, అలాస్కా వైపు దిగి శాన్‌ఫ్రాన్సిస్కో చేరుతుంది.

ఈ అంకెలు సరైనవో కావో చూడదలచినవారికి ఒక సులువైన పద్ధతి ఉన్నది. గోళం మీద ఒక డిగ్రీ అంటే సుమారు 111.2 కిలోమీటర్లు. బెంగుళూరు విమానాశ్రయం అక్షాంశం 13.2 డిగ్రీలు. అక్కడి నుండి ఉత్తరధ్రువానికి 90లో 13.2 పోగా 76.8 డిగ్రీలు. శాన్‌ఫ్రాన్సిస్కో అక్షాంశం 37.6. అక్కడి నుండి ధ్రువానికి 52.4 డిగ్రీలు. రెండూ కలిపితే 129.2. దానిని 111.2తో గుణిస్తే సుమారు 14,370 కిలోమీటర్లు. అంటే సరిగ్గా ధ్రువం మీదుగా పోయినా, దారం చూపిన దారికంటే 370 కిలోమీటర్లే ఎక్కువ. అమెరికాకు పోయేవారు మంచు సముద్రం మీదుగా పోతారని వినినప్పుడు మన పెద్దలకు కలిగే ఆశ్చర్యానికి ఈ చిన్న కూడికే సమాధానం.

2021 జనవరిలో ఎయిర్ ఇండియా ఈ రెండు ఊళ్ల మధ్య నేరుగా నడిపిన తొలి విమానం ఉత్తరధ్రువ మార్గంలోనే వచ్చింది. విమానాన్ని నడిపినవారంతా మహిళలు కావడం వల్ల ఆ ప్రయాణం గురించి పత్రికలు విశేషంగా రాశాయి.

విమానం నడిచే దారి

దారం చూపిన దారి ఒకటి. విమానం నడిచే దారి మరొకటి. బండి పోయే దారి కూడా అంతే కదా. చెరువు అడ్డం వస్తే గట్టు వెంట తిరుగుతుంది, ఒకరి పొలం అడ్డం వస్తే అనుమతి అడుగుతుంది. ఆకాశంలోనూ ఈ అడ్డంకులు ఉన్నాయి.

మొదటిది కొండలు. విమానాలు పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పోతాయి కాబట్టి హిమాలయాలు తగలవు. కాని విమానంలోని గాలి పీడనం ఏ కారణం వల్లనైనా పడిపోతే పైలట్ వెంటనే సుమారు 3,000 మీటర్ల ఎత్తుకు దిగాలి. ప్రయాణికుల ముఖానికి తగిలించే ప్రాణవాయువు గొట్టాలు పది ఇరవై నిమిషాల మేరకే పనిచేస్తాయి. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే 4,500 మీటర్లు. దిగడానికి అక్కడ చోటు లేదు. అందువల్ల ఎక్కువ విమానాలు ఆ పీఠభూమిని తప్పించి చుట్టు తిరుగుతాయి.

రెండవది దేశాల అనుమతి. ప్రతి దేశానికీ తన నేల మీది ఆకాశంపై అధికారం ఉంటుంది. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలైన తరువాత అమెరికా విమానాలకు రష్యా తన ఆకాశాన్ని మూసింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకు తన ఆకాశాన్ని మూసినప్పుడు ఢిల్లీ నుండి పడమటికి పోయే మన విమానాలు చుట్టు తిరగవలసి వచ్చింది. రెండు ఊళ్ల మధ్య భూమి దూరం ఒక్క గజం కూడా మారకుండానే ప్రయాణ కాలం మారిపోయింది.

మూడవది, దారిలో దిగడానికి చోటు. రెండు ఇంజన్ల విమానంలో ఒకటి పనిచేయకపోతే నిర్ణీత కాలంలోగా చేరగల విమానాశ్రయం దారిపొడుగునా ఎక్కడో ఒకచోట ఉండాలి. 2023 జూన్ 6న ఢిల్లీ నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు పోతున్న ఒక విమానం ఇంజన్ లోపం వల్ల రష్యా తూర్పు ప్రాంతంలోని మగదాన్‌లో దిగింది. ప్రయాణికులు అక్కడ మరో విమానం కోసం ఆగవలసి వచ్చింది. ఆ చోటు ముందే లెక్కలో ఉండబట్టే క్షేమంగా దిగగలిగారు.

గాలి లెక్క

ఇక విమానం ఎంతసేపు ఎగురుతుందో చూద్దాము. పెద్ద విమానాలు గాలిలో గంటకు సుమారు 900 కిలోమీటర్ల వేగంతో పోతాయి. 14,000ను 900తో భాగిస్తే పదిహేనున్నర గంటలు. పైకి ఎక్కడానికీ, దిగడానికీ, నేల మీద నడవడానికీ మరో అరగంట కలుపుకొంటే పదహారు గంటలు. పెద్దాయన వినిన 'పదారు గంటలు' ఇక్కడి నుండి వచ్చినదే. అది అబద్ధం కాదు.

కాని 'గాలిలో' గంటకు 900 కిలోమీటర్లన్న మాటను గమనించాలి. ఆ గాలి కూడా నిలకడగా ఉండదు. ఏటిలో ఈదేవాడు ప్రవాహంతో పాటు పోతే ఒడ్డున ఉన్న చెట్లు త్వరగా దాటుతాయి, ఎదురీదితే ఆలస్యంగా దాటుతాయి. భూమికి పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున, మధ్య అక్షాంశాలలో, పడమటి నుండి తూర్పుకు బలమైన గాలి ప్రవాహాలు ఉంటాయి. వీటిని జెట్ ప్రవాహాలంటారు. చలికాలంలో ఇవి గంటకు 200 కిలోమీటర్లను మించి వీచడం సాధారణమే. గాలి సగటున 50 కిలోమీటర్ల మేర ఎదురైతే మన 14,000 కిలోమీటర్లకు పదహారున్నర గంటలు కావాలి. అదే 50 కిలోమీటర్లు వెనుక నుండి తోస్తే పద్నాలుగు గంటల ముప్పావుకే దూరం తరిగిపోతుంది.

దూరం ఎక్కువైనా కాలం తక్కువ కావచ్చునని చూపే ఉదాహరణ ఒకటి ఉంది. ఎయిర్ ఇండియా ఢిల్లీ - శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని మొదట పడమరగా, అట్లాంటిక్ సముద్రం మీదుగా నడిపింది. 2016 అక్టోబరులో ఆ దారి మార్చి తూర్పుగా, పసిఫిక్ సముద్రం మీదుగా నడిపింది. కొత్త దారి పాతదానికంటే సుమారు 1,400 కిలోమీటర్లు ఎక్కువ, మొత్తం 15,300 కిలోమీటర్లు. అయినా ఆ విమానం పద్నాలుగున్నర గంటలలో, అంటే ఇంతకు ముందుకంటే దాదాపు రెండు గంటలు ముందుగా చేరింది. భాగించి చూస్తే నేల మీద దాని సగటు వేగం గంటకు 1,050 కిలోమీటర్లు దాటింది. గాలిని ఎదుర్కొనే పాత దారిలో అది 850కి లోపే.

కాబట్టి 'పదహారు గంటలు' ఒక సగటు అంకె మాత్రమే. పోయేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి. చలికాలంలో ఒకటి, ఎండాకాలంలో ఒకటి. గాలికి ఎదురు వచ్చే వైపు ఒకటి రెండు గంటలు ఎక్కువ వేసుకోవాలి.

దేశాంతరం - గడియారపు లెక్క

దూరం, గాలి అయిపోయాయి. మూడో చిక్కు గడియారానిది. దీనికి మన పంచాంగకర్తలు ఏనాటి నుండో వాడుతున్న మాట 'దేశాంతరం'. లంక, ఉజ్జయిని, కురుక్షేత్రాల మీదుగా పోయే రేఖను మధ్యరేఖగా పెట్టుకొని, తమ ఊరు ఆ రేఖకు ఎంత తూర్పున లేదా పడమరన ఉన్నదో చూసి కాలాన్ని సరిచేసుకొనేవారు. సూత్రం సులువైనది. భూమి 24 గంటలలో 360 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి ఒక డిగ్రీకి నాలుగు నిమిషాలు.

1906 జనవరి 1న భారత ప్రామాణిక కాలం అమలులోకి వచ్చింది. అంతకు ముందు రైళ్లు మద్రాసు కాలాన్ని అనుసరించేవి. ప్రామాణిక కాలానికి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం మన బులెటిన్ పాఠకులకు పరిచయమైన చోట్ల నుండే సాగుతుంది. ఒడిశాలో జయపురానికి చేరువగా దిగి, తునికీ కాకినాడకూ మధ్య తీరం దాటి, యానాంకు సుమారు 30 కిలోమీటర్ల తూర్పున సముద్రంలో పోతుంది. అందువల్ల యానాంలో సూర్యుడి కాలమూ గడియారపు కాలమూ దాదాపు ఒకటే. బెంగుళూరులో సూర్యుడు గడియారానికి 20 నిమిషాలు వెనుక. షోలాపూరులో 26 నిమిషాలు వెనుక. బరంపురంలో 9 నిమిషాలు ముందు.

బెంగుళూరుకూ శాన్‌ఫ్రాన్సిస్కోకూ దేశాంతరం 200 డిగ్రీలని ముందే చూశాము. నాలుగుతో గుణిస్తే 800 నిమిషాలు, అంటే 13 గంటల 20 నిమిషాలు. గడియారాల ప్రకారం చలికాలంలో తేడా 13 గంటల 30 నిమిషాలు. అక్కడ మార్చి రెండవ ఆదివారం నుండి నవంబరు మొదటి ఆదివారం దాకా గడియారాలను ఒక గంట ముందుకు జరుపుతారు కనుక ఆ నెలలలో తేడా 12 గంటల 30 నిమిషాలు. అక్కడి కాలం మనకు వెనుక. మనకు సోమవారం తెల్లవారితే వారికి ఇంకా ఆదివారం సాయంకాలమే.

ఇందువల్ల టికెట్టు మీద రాసిన గంటలను చూసి ప్రయాణ కాలాన్ని ఊహించకూడదు. పైన చెప్పిన తొలి నేరు విమానం 2021 జనవరి 9న రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరి, జనవరి 11న తెల్లవారుజామున బెంగుళూరులో దిగింది. తేదీలు చూస్తే రెండు రోజులు. గాలిలో ఉన్నది పదిహేడు గంటల చిల్లర. ఎదురు ప్రయాణంలో దీనికి వ్యతిరేకంగా ఉంటుంది. సోమవారం మధ్యాహ్నం రెండు గంటలకు బెంగుళూరులో ఎక్కినవారు పదహారు గంటలు ప్రయాణం చేసి దిగితే, చలికాలంలో, అక్కడ అదే సోమవారం సాయంత్రం నాలుగున్నర అవుతుంది. రెండున్నర గంటలలో అమెరికా చేరినట్లు కనబడుతుంది. పోయేటప్పుడు గడియారం ఇచ్చిన కాలాన్ని వచ్చేటప్పుడు తిరిగి తీసుకొంటుంది.

తిథుల విషయంలో కూడా ఈ తేడాను గుర్తుంచుకోవాలి. తిథి అన్నది సూర్యచంద్రుల మధ్య దూరాన్ని బట్టి ఏర్పడేది కనుక భూమి అంతటా ఒకే క్షణంలో మొదలవుతుంది. బెంగుళూరులో మంగళవారం ఉదయం పదికి ఏకాదశి వస్తే, శాన్‌ఫ్రాన్సిస్కోలో అప్పటికి సోమవారం రాత్రి ఎనిమిదిన్నర. ఏ రోజు ఆ తిథిగా పాటించాలన్నది అక్కడి సూర్యోదయాస్తమయాలను బట్టి తేలాలి. అక్కడి బిడ్డలు ఆబ్దికం పెట్టే తేదీ ఇక్కడి తేదీతో ఒక్కోసారి కలవకపోవడానికి కారణం ఇదే. అది అశ్రద్ధ కాదు, దేశాంతరం.

గడప నుండి గడపకు

ఇప్పుడు పెద్దాయన అడిగిన అసలు లెక్కకు వస్తాము. చలికాలంలో ఒక సోమవారం ఉదయం ఆరు గంటలకు మరణవార్త తెలిసిందనుకొందాము. కొడుకు ఉన్నచోట అప్పటికి ఆదివారం సాయంత్రం నాలుగున్నర.

నేరుగా వచ్చే విమానం ఆరోజు ఉన్నదా అన్నది మొదటి ప్రశ్న. ఈ మార్గంలో నేరు విమానం మొదలైనప్పుడు వారానికి రెండు రోజులే నడిచింది. అలాంటి సర్వీసులు మధ్యలో మొదలవుతాయి, ఆగుతాయి. చావు ఆ రోజులు చూసుకొని రాదు. కనుక చాలామంది మధ్యలో ఒకచోట దిగి, మరో విమానం ఎక్కి రావలసిందే. విమానాశ్రయానికి మూడు గంటలు ముందుగా చేరాలి. ఆ రాత్రి విమానంలో సీటు దొరకకపోతే మరునాటి ఉదయం పది గంటలదే గతి అనుకొందాము. వార్త తెలిసినప్పటి నుండి విమానం కదిలేదాకా పదిహేడున్నర గంటలు అక్కడే పోయాయి. ఇక్కడ ఊరిలో అప్పటికి సోమవారం రాత్రి పదకొండున్నర. పదహారు గంటలు దాటిపోయాయి. ఎదురుచూసేవారి దృష్టిలో అతడు వచ్చి ఉండవలసిన సమయం. అతడి విమానం ఇంకా నేల విడవలేదు.

దుబాయి మీదుగా వస్తే శాన్‌ఫ్రాన్సిస్కో నుండి అక్కడికి సుమారు 13,000 కిలోమీటర్లు, పదహారు గంటలు. అక్కడ మూడు గంటలు ఆగాలి. దుబాయి నుండి బెంగుళూరుకు సుమారు 2,700 కిలోమీటర్లు, నాలుగు గంటలు. మొత్తం ఇరవైమూడు గంటలు. దూరం చూస్తే నేరు దారికంటే ఎక్కువైనది 1,700 కిలోమీటర్లే. కాలం చూస్తే ఆరేడు గంటలు. బెంగుళూరులో దిగేసరికి మంగళవారం రాత్రి పదిన్నర. పాస్‌పోర్టు తనిఖీ, సామాను, అన్నీ ముగించుకొని బయటకు రావడానికి గంటన్నర. అర్ధరాత్రి.

అక్కడితో ప్రయాణం పూర్తి కాలేదు. బెంగుళూరు విమానాశ్రయం 2008 నుండి దేవనహళ్లి దగ్గర, నగరానికి ఉత్తరాన ఉంది. హోసూరు నగరానికి దక్షిణాన ఉంది. మహానగరాన్ని ఈ కొస నుండి ఆ కొసకు దాటి, హోసూరు, డెంకణికోట మీదుగా పల్లె చేరడానికి రాత్రివేళ అయినా మూడు గంటలు వేసుకోవాలి. బుధవారం తెల్లవారుజామున మూడు గంటలు.

సోమవారం ఉదయం ఆరు నుండి బుధవారం తెల్లవారుజామున మూడు దాకా నలభైఐదు గంటలు. అందులో గాలిలో ఉన్నది ఇరవై. మిగతా ఇరవైఐదు గంటలు సీటు కోసం, విమానం కోసం, తనిఖీ కోసం, రోడ్డు మీద. సోమవారం ఒక పొద్దు, మంగళవారం రెండో పొద్దు, బుధవారం మూడో పొద్దు. పెద్దాయన చెప్పిన లెక్కతో ఇది సరిపోతున్నది. ఎక్కడా ఒక్క గంట కూడా తీరిగ్గా గడపకుండా, దొరికిన మొదటి విమానం ఎక్కి వచ్చిన కొడుకు కూడా మూడో పొద్దుకే వస్తాడు.

ఇది సాఫీగా సాగిన ప్రయాణం లెక్క. అక్కడి పౌరసత్వం తీసుకొన్నవారి దగ్గర ఓసీఐ కార్డు గాని, చెల్లుబాటయ్యే వీసా గాని లేకపోతే దానికి వేరే సమయం పడుతుంది. మధ్యలో మొదటి విమానం ఆలస్యమై రెండవది తప్పిపోతే మరో పూట పోతుంది. చివరి రోడ్డు ప్రయాణం కూడా ఊరిని బట్టి పెరుగుతుంది. బరంపురం వారు భువనేశ్వరంలో దిగితే సుమారు 170 కిలోమీటర్లు రోడ్డున గాని రైలున గాని పోవాలి. విశాఖపట్నంలో దిగితే అంతకంటే ఎక్కువ. షోలాపూరు వారికి పూణే సుమారు 250 కిలోమీటర్లు, హైదరాబాదు 300 పైన. యానాం వారు రాజమహేంద్రవరం దాకా మరో విమానం పట్టుకొన్నా అక్కడి నుండి రోడ్డు ప్రయాణం తప్పదు.

అందువల్ల విదేశాలలో బిడ్డలున్న ఇళ్లలో కొన్ని సంగతులు ముందుగానే మాట్లాడి పెట్టుకోవడం మంచిది. వారున్న ఊరి గడియారానికీ మన గడియారానికీ తేడా ఎంత, వారి ఇంటి నుండి మన ఇంటికి మామూలుగా పట్టే మొత్తం గంటలు ఎన్ని, ప్రయాణ పత్రాలు సరిగా ఉన్నాయా, కబురు ముందుగా ఎవరికి చెప్పాలి - ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసి ఉంచాలి. అన్నింటికంటే ముఖ్యంగా, కబురు అందిన బిడ్డ ఫోనులో విమానపు గంటలు చెప్పకూడదు. "బుధవారం తెల్లవారుజామున మూడుకు ఇంట్లో ఉంటాను" అని మన ఊరి రోజూ, మన ఊరి గంటా చెప్పాలి. అప్పుడు ఎదురుచూడాలో, ఉన్నవారే కార్యం నడిపించాలో ఇంటి పెద్దలు తెలిసి నిర్ణయించుకోగలుగుతారు. ఏది నిర్ణయించినా తరువాత ఒకరినొకరు నిందించుకోవలసిన పని ఉండదు.

ఆమడ మాట

మేము ఆ ఊరికి పోయినది ఆమడ, క్రోసు అన్న మాటలను రాసుకోవడానికి. నాలుగు క్రోసులు ఒక ఆమడ. ప్రాంతాన్ని బట్టి హెచ్చుతగ్గులున్నా, ఆమడ అంటే సుమారు ఎనిమిది మైళ్లు, పదమూడు కిలోమీటర్ల లోపు. ఆ ప్రకారం శాన్‌ఫ్రాన్సిస్కో బెంగుళూరుకు వెయ్యి ఎనభై ఆమడల పైచిలుకు. రోజుకు రెండామడలు నడిచే మనిషికి, నేలంతా ఒకటిగా ఉంటే, ఏడాదిన్నర నడక.

కాని ఆ ప్రాంతపు వృద్ధులు ఊళ్ల మధ్య దూరాన్ని మాకు చెప్పినప్పుడు ఆమడలలో కంటే పూటలలోనే ఎక్కువగా చెప్పారు. "ఒక పూట నడక", "పొద్దున పోతే మాపుకు రావచ్చు", "రేపు పొద్దుకు గానీ చేరలేము" అన్నవి వారి కొలతలు. వాగు దాటడం, ఎద్దులను ఆపి నీళ్లు పెట్టడం, రాత్రి చత్రంలో పడుకోవడం అన్నీ ఆ పూటలో కలిసి ఉండేవి. కిలోమీటర్లూ విమానపు గంటలూ చెప్పలేని సంగతి ఆ కొలత చెప్పేది. మనిషి ఇంటికి ఎప్పుడు వస్తాడు అన్నదే ఎదురుచూసేవారికి కావలసిన దూరం.

ఈ లెక్కంతా రాసిన కాగితాన్ని తీసుకొని మేము మళ్లీ ఆ ఊరికి వెళ్లాము. పెద్దాయన మనుమడి చేత చదివించుకొని రెండుసార్లు విన్నారు. పదిహేడున్నర, ఇరవైమూడు, ఒకటిన్నర, మూడు అని వేళ్ల మీద కూడుకొన్నారు. "అట్లయితే మా అబ్బోడు యాడా నిల్చలేదు" అన్నారు. ఆ కాగితం తనకే ఇచ్చి పొమ్మన్నారు. సాయంత్రం ఫోను చేసి అతనికి వినిపిస్తామని చెప్పారు. వారికి అప్పటికి తెల్లవారి ఉంటుందా అని మమ్మల్ని అడిగి, గంట చూసుకొన్నారు.